ఆదివారం పొద్దున తుంచుకు తినే తీపి బ్రెడ్: బెజవాడ వేడిలో కుదిరే పద్ధతి

దోసెలు పోసే రోజు పెనం ముందు నిలబడే మనిషి ఆఖరున తింటుంది. ఒక్కో దోసె కాలుతుంటే ఒక్కొక్కరూ వచ్చి తిని వెళ్తారు. అందరివీ అయ్యాక, చట్నీ గిన్నె అడుగున మిగిలింది గీకి పెట్టుకుని ఆమె కూర్చుంటుంది. మా అత్తయ్య నలభై ఏళ్ళు అలాగే తిన్నారు. పెళ్ళయ్యాక నేనూ అదే వరసలో చేరాను. వారంలో ఒక్క పూటైనా అందరం ఒకేసారి కూర్చుని, వేడివేడిగా, ఒకే పళ్ళెంలోంచి తినే టిఫిన్ ఏదైనా ఉందా అని వెతుక్కుంటే నాకు దొరికింది ఈ బ్రెడ్. చేతిపని మొత్తం శనివారం రాత్రే అయిపోతుంది. ఆదివారం పొద్దున ఓవెన్‌లో పెట్టడం, తీయడం, పళ్ళెంలో బోర్లించడం, అంతే.

చూడటానికి చిన్న చిన్న ఉండల గుట్టలా ఉంటుంది. ఈస్ట్ వేసిన మైదా పిండిని ఉండలు చేసి, నేతిలో ముంచి, తీపి పొడిలో దొర్లించి, గిన్నెలో పేర్చి కాలుస్తాం. కాలేటప్పుడు ఉండలు పొంగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. కానీ మధ్యలో నెయ్యి, బెల్లం అడ్డం ఉండటంతో పూర్తిగా కలిసిపోవు. చాకుతో పని లేదు, వేళ్ళతో పట్టుకుంటే ఉండకు ఉండ ఊడి వస్తుంది. అమెరికాలో దీన్ని మంకీ బ్రెడ్ అంటారు. హంగరీ నుంచి అక్కడికి వలస వెళ్ళినవాళ్ళు తమతో తీసుకెళ్ళిన అరాన్యగలుష్క అనే వంటకం దీనికి మూలం. ఆ పేరుకు బంగారు ముద్దలు అని అర్థం.

వాళ్ళు దాల్చినచెక్క పొడి, పంచదార వేస్తారు. నేనూ మొదట అలాగే చేశాను. ఓవెన్ తలుపు తీయగానే హాల్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది: “ఇదేంటమ్మాయ్, పొద్దున్నే బిర్యానీ వాసనొస్తోంది?” ఆవిడన్నది నిజమే. మన ముక్కుకు దాల్చినచెక్క అంటే మసాలా, యాలకులంటే తీపి. ఆ తర్వాత నుంచి యాలకులు, బెల్లం, నెయ్యితోనే చేస్తున్నాను. అరిసెల వాసన, బన్ను మెత్తదనం కలిసి వస్తాయి. కింద రాసింది ఆ పద్ధతే. దాల్చినచెక్క ఇష్టమైతే పైపూతలో వేసుకోండి, పిండిలో మాత్రం కలపకండి. అందులోని ఘాటు ఈస్ట్ పని మందగించేలా చేస్తుంది.

ముందు వేడి గురించి

నాకు పాడైన బ్రెడ్లన్నీ వేడి వల్లే పాడయ్యాయి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను. బ్రెడ్ పద్ధతులు చాలావరకు చలిదేశాల వాళ్ళు రాసినవి. ‘గోరువెచ్చని పాలు పోయండి, వెచ్చని చోట గంటన్నర ఉంచండి’ అని ఉంటుంది. మే నెలలో బెజవాడ వంటింట్లో అదే మాట పాటిస్తే ఏమవుతుందో నేను చూశాను. బయట 42 డిగ్రీలు. గంటన్నర తర్వాత మూత తీస్తే పిండి గిన్నె అంచు దాటి, మధ్యలో కుంగి, కల్లు వాసన కొడుతోంది. ముట్టుకుంటే సాగకుండా తెగిపోయింది.

ఈస్ట్ ఒక సూక్ష్మజీవి. పిండిలోని చక్కెర తిని గాలి వదులుతుంది, ఆ గాలికే పిండి పొంగుతుంది. దానికి 25 నుంచి 28 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 35 దాటితే పరుగు పెడుతుంది. రుచి పట్టేలోగానే పిండి పొంగిపోతుంది, పులుపు ఎక్కుతుంది. 55, 60 డిగ్రీలకు చచ్చిపోతుంది. అందుకే మనకు కావలసింది వెచ్చని చోటు కాదు, చల్లని పాలు, ఫ్రిజ్. మార్చి నుంచి జూన్ దాకా ఫ్రిజ్‌లోంచి తీసిన పాలతోనే పిండి కలపండి. సంక్రాంతి రోజుల్లో మాత్రం గోరువెచ్చగా పోయండి, వేలు పెడితే వేడి తెలిసీ తెలియనట్టుండాలి.

వానాకాలంలో ఇంకో సంగతి. కృష్ణ పక్కనున్న ఊరు కదా, జూలై, ఆగస్టుల్లో గాలిలోనే తడి. డబ్బాలోని మైదా కూడా ఆ తడి పీల్చుకుని ఉంటుంది. అప్పుడు పాలు రెండు చెంచాలు పక్కన ఉంచుకుని, కావాలనిపిస్తేనే పోయండి.

కావలసినవి

నలుగురైదుగురికి సరిపోయే కొలతలు ఇవి. వంటింటి త్రాసు ఉంటే దాన్నే వాడండి. కప్పుతో కొలిచిన మైదా నొక్కి పోస్తే ఒకలా, వదులుగా పోస్తే ఒకలా తూగుతుంది, దాంతో ప్రతిసారీ ఫలితం మారిపోతుంది.

పిండికి: మైదా 400 గ్రాములు (త్రాసు లేకపోతే 240 మి.లీ. కప్పుతో వదులుగా 3 కప్పులు, పైన 2 పెద్ద చెంచాలు), కాచి చల్లార్చిన పాలు 260 మి.లీ., పంచదార 50 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు (చిన్న చెంచాతో ఒకటిన్నర), ఉప్పు 6 గ్రాములు (చిన్న చెంచాడు), మెత్తబడ్డ వెన్న 40 గ్రాములు.

పైపూతకు: కరిగించిన నెయ్యి 70 గ్రాములు, బెల్లం పొడి 100 గ్రాములు, పంచదార 50 గ్రాములు, యాలకుల పొడి చిన్న చెంచాడు.

గిన్నె అడుగున పాకానికి: బెల్లం 60 గ్రాములు, నీళ్ళు 2 పెద్ద చెంచాలు, నెయ్యి 2 పెద్ద చెంచాలు, జీడిపప్పు గుప్పెడు, ఇష్టమైతే ఎండుకొబ్బరి తురుము కొద్దిగా.

ఇందులో గుడ్డు లేదు. అత్తయ్య శనివారం గుడ్డు ముట్టరు, శనివారం రాత్రి కలిపే పిండి కాబట్టి మా ఇంట్లో గుడ్డు ఊసే ఉండదు. మీరు వేసుకుంటే ఒక గుడ్డు కొట్టి, పాలు 220 మి.లీ.కు తగ్గించండి. బ్రెడ్ రంగు ఇంకాస్త పసుపుగా వస్తుంది.

పాలు కాచి చల్లార్చినవే వాడమనడానికి కారణం ఉంది. పచ్చిపాలలోని కొన్ని ప్రోటీన్లు పిండి సాగుదలను దెబ్బతీస్తాయి, కాచితే ఆ గుణం పోతుంది. మన ఇళ్ళలో పాలు రాగానే కాచే అలవాటు ఎలాగూ ఉంది. గేదెపాలైనా, 6 శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ ప్యాకెట్ పాలైనా బ్రెడ్ మెత్తగా వస్తుంది. మీగడ కట్టి ఉంటే తీసేయకండి, కలిపేయండి. వెన్న ఇంట్లో చిలికినదైతే మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి మజ్జిగ పులుపు పోగొట్టండి. షాపులో కొనే ఉప్పు వెన్నయితే పిండిలో ఉప్పు 4 గ్రాములు చాలు.

బెల్లం ఎంపికలో తొందరపడవద్దు. పచ్చగా తళతళలాడే అచ్చు చూడటానికి బాగుంటుంది గానీ, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉండే అవకాశం ఉంది. ముదురు గోధుమరంగు బెల్లం తీసుకోండి. అనకాపల్లి బెల్లం దొరికితే చాలా సంతోషం. పైపూతకు అది పొడిగా ఉండాలి. తడిబెల్లమైతే తురిమి, పళ్ళెంలో పరిచి, ఫ్యాను కింద గంటసేపు ఆరబెట్టి, ఆ తర్వాత పంచదారతో కలిపి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. పంచదార కలిస్తే ఉండకట్టదు. జీడిపప్పు వేటపాలెం గుళ్ళే వేయనక్కర్లేదు, బద్దలు చాలు, ధర తక్కువ, పాకంలో అందంగా అతుక్కుంటాయి.

ఈస్ట్ సంగతి మాత్రం పట్టుపట్టి చూసుకోండి. ఒకసారి ఒక షాపులో కొన్న ప్యాకెట్ మీద తేదీ ఇంకా నాలుగు నెలలు ఉంది, పిండి మాత్రం రాయిలా కదలకుండా కూర్చుంది. ఎండలో ఎక్కడో నిలవుండి ఈస్ట్ చచ్చిపోయింది. చుట్టాలు వచ్చిన రోజు అది. అప్పటి నుంచి కొత్త ప్యాకెట్ విప్పగానే పరీక్ష చేస్తాను. పావు గ్లాసు గోరువెచ్చని పాలలో చిటికెడు పంచదార, అర చెంచా ఈస్ట్ వేసి పది నిమిషాలు ఆగండి. నురుగు కడితే బతికున్నట్టు, లేకపోతే పారేయండి. మిగతాది గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి, నెలలపాటు బాగుంటుంది.

గిన్నె, గ్లాసు

దీనికోసం మధ్యలో గొట్టం ఉన్న గిన్నెలు అమ్ముతారు. కొనక్కర్లేదు. 22, 23 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల లోతు ఉన్న కేకు గిన్నె తీసుకుని, మధ్యలో ఒక స్టీలు గ్లాసు నిలబెట్టండి. గ్లాసు బయట వైపంతా నెయ్యి రాయండి. లోపల గుప్పెడు బియ్యం పోయండి, లేకపోతే పిండి పొంగేటప్పుడు పక్కకు నెట్టేస్తుంది. ఆ గ్లాసు మానేస్తే అన్ని వైపులా కాలి నడిమధ్య మాత్రం పచ్చిగా మిగులుతుంది. వేడి లోపలి ఉండలకు చేరే దారి అదే. అడుగు ఊడే రకం గిన్నె అయితే పాకం కారిపోతుంది, వద్దు.

శనివారం సాయంత్రం ఆరున్నర: పిండి కలపడం

వెడల్పు గిన్నెలో మైదా, పంచదార, ఈస్ట్ వేసి చేత్తో కలపండి. ఉప్పు ఒక పక్కగా వేయండి. పాలు పోసి, పొడి కనిపించనంత వరకు కలిపి, మూతపెట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి. ఈ విరామంలో మైదా పాలు పీల్చుకుంటుంది, సగం పిసకడం దానంతట అదే జరిగిపోతుంది.

ఇప్పుడు బండ మీద వేసి పిసకండి. మొదట చేతికి అంటుకుంటుంది. అక్కడే చాలామంది ఇంకో గుప్పెడు మైదా చల్లుతారు. చల్లకండి. అలా చల్లిన ప్రతి గుప్పెడూ బ్రెడ్‌ను గట్టిపరుస్తుంది. అయిదు నిమిషాలు ఓపిక పడితే పిండే దగ్గరకొస్తుంది. అప్పుడు మెత్తటి వెన్న కొంచెం కొంచెంగా చేర్చండి. వెన్న ముందే వేస్తే మైదాకు నూనె పట్టినట్టయి సాగే గుణం త్వరగా రాదు. వెన్న వేశాక పిండి మళ్ళీ జారుడుగా, చెడిపోయినట్టు కనిపిస్తుంది. టెన్షన్ పడొద్దు. ఇంకో అయిదారు నిమిషాలు మడిచి, నొక్కి, సాగదీసి, మళ్ళీ మడవండి.

ఎంతవరకు పిసకాలి అంటే, మీకు బొబ్బట్లు చేయడం వస్తే మీ చేతికి ముందే తెలుసు. నూనెలో నానిన బొబ్బట్ల పిండి ఎలా తెగకుండా సాగుతుందో ఇదీ అలా సాగాలి. దానికంటే కాస్త బిగువుగా, చపాతీ పిండి కంటే బాగా మెత్తగా ఉండాలి. చిన్న ముక్క తీసి రెండు చేతుల వేళ్ళతో మెల్లగా పలచగా సాగదీయండి. వెలుతురుకు ఎదురుగా పెడితే చిరగకుండా అవతలి వెలుగు కనిపిస్తే అయిపోయినట్టే. మైదాలోని గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ వలలా అల్లుకుందని దాని అర్థం. ఈస్ట్ వదిలే గాలిని పట్టి ఉంచేది ఆ వలే.

ముద్దను నెయ్యి రాసిన డబ్బాలో పెట్టి మూతపెట్టండి. నిలువు గోడలున్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బా అయితే బయట పిండి ఎత్తు దగ్గర రబ్బరు బ్యాండు వేయండి. ఎంత పొంగిందో ఊహించనక్కర్లేదు. రెట్టింపు కావాలి. మా వంటింట్లో మేలో 40 నిమిషాలు పట్టింది, జనవరిలో గంటన్నర. కాబట్టి సమయం కంటే బ్యాండునే నమ్మండి. వేలికి నెయ్యి రాసుకుని పిండిలో గుచ్చి తీస్తే గుంట నెమ్మదిగా, సగమే పూడాలి. వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి. అసలు పూడకుండా చుట్టూ కుంగితే ఆలస్యమైంది. అలాంటప్పుడు పారేయకండి, వెంటనే గాలి నొక్కి, ఉండలు చేసి, ఫ్రిజ్‌లో పెట్టేయండి. చాలావరకు కోలుకుంటుంది.

ఈలోగా అడుగు పాకం

బెల్లం నీళ్ళలో కరిగించి, వడకట్టండి. బెల్లంలో ఇసుక పలుకు ఒక్కటి పంటికింద పడినా అంత పనీ వృథా. వడకట్టినదాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి, నెయ్యి వేసి, నురగగా పొంగి కాస్త చిక్కబడగానే దించండి. అరిసెల పాకంలా ముదరనివ్వకూడదు. నీళ్ళలో వేస్తే ఉండ కట్టే పాకం ఓవెన్‌లో ఇంకా ముదిరి, చల్లారాక పళ్ళకు అంటుకునే గట్టి చిక్కీ అవుతుంది. తేనె జారినట్టు జారాలి. నెయ్యి రాసిన గిన్నెలో గ్లాసు చుట్టూ పోసి, జీడిపప్పు, కొబ్బరి చల్లండి. రేపు బోర్లించినప్పుడు పైన మెరిసేది ఇదే. పూర్తిగా చల్లారనివ్వండి.

ఎనిమిదింటికి: ఉండలు

పిల్లలకు ఇది ఇష్టమైన పని. డైనింగ్ టేబుల్ మీద పెట్టి అందరం కూర్చుంటాం. మా పెద్దది నేతిలో ముంచుతుంది, చిన్నవాడు పొడిలో దొర్లిస్తాడు, అత్తయ్య పేరుస్తారు. ముగ్గు పెట్టినంత శ్రద్ధగా ఉంటుంది ఆవిడ వరస.

పిండిలో గాలి మెల్లగా నొక్కి, 36 భాగాలు చేయండి. ఒక్కోటి సుమారు 21 గ్రాములు, గులాబ్ జామ్ ఉండంత. అంతకంటే పెద్దవి చేస్తే లోపల కాలవు, చిన్నవి చేస్తే ఎండిపోతాయి. ఎండాకాలం సగం పిండిని ఫ్రిజ్‌లో ఉంచి మిగతా సగంతో మొదలుపెట్టండి. లేకపోతే ఆఖరి ఉండ చేసేసరికి మొదటిది పొంగి కూర్చుంటుంది. చేతులకు నెయ్యి రాసుకుని, పగుళ్ళు లేకుండా నున్నగా చుట్టండి.

పైపూత నెయ్యి కరిగి ఉండాలి గానీ వేడిగా ఉండకూడదు. ఉండను ముంచి, అదనంగా ఉన్నది కారనిచ్చి, బెల్లం పొడిలో దొర్లించి, గిన్నెలో పెట్టండి. మొదటి వరసలో ఉండకూ ఉండకూ మధ్య చిన్న సందు వదలండి. రెండో వరసను ఆ సందుల మీద వచ్చేలా పేర్చండి, ఇటుకలు పేర్చినట్టు. గిన్నె సగానికి కొంచెం పైదాకా వస్తుంది. అంతకంటే నింపకండి, పొద్దున ఓవెన్ అంతా బెల్లం కారుతుంది. మిగిలిన నెయ్యి, పొడి పైన చల్లేయండి.

గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. తడిగుడ్డ కప్పితే ఫ్రిజ్ గాలికి ఎండి పిండి పైపొర గట్టిపడుతుంది. కవరు బిగించి, పైన పళ్ళెం పెట్టండి. ఫ్రిజ్‌లో సాంబారు, తరిగిన ఉల్లిపాయలు ఉంటే వాటికీ మూతలు పెట్టండి, పిండి వాసనలు బాగా పట్టేస్తుంది. 4 డిగ్రీల చలిలో ఈస్ట్ దాదాపు నిద్రపోతుంది. కానీ పూర్తిగా ఆగదు. రాత్రంతా నెమ్మదిగా పనిచేసి, హడావుడిగా పొంగిన పిండికి రాని రుచి తెస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంచవచ్చు.

ఆదివారం పొద్దున

ఎండాకాలమైతే ఆరున్నరకు బయటకు తీయండి, 40 నిమిషాలు చాలు. చలికాలమైతే ఆరింటికి ముందే లేచి తీయాలి, గంటా పావు పడుతుంది. ఉండలు ఉబ్బి, మధ్యలోని సందులు పూడుకుని, గిన్నె కదిపితే జెల్లీలా కొద్దిగా వణకాలి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా ఓవెన్‌లో పెట్టకండి. అంచు కాలేసరికి కూడా మధ్యలో చలి పోదు.

ఓవెన్ 170 డిగ్రీలకు పెట్టి, పది పదిహేను నిమిషాలు ముందే వేడెక్కించండి. పంచదారతో చేసేవాళ్ళు 180 పెడతారు. బెల్లంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి, అవి త్వరగా నల్లబడతాయి. అందుకే పది డిగ్రీలు తక్కువ. మన ఇళ్ళలో ఉండే ఓటీజీల్లో, అంటే చిన్న కరెంటు ఓవెన్లలో, వేడినిచ్చే పైకడ్డీ బ్రెడ్‌కు బాగా దగ్గరగా ఉంటుంది. కాబట్టి కింది అరలో పెట్టండి, రెండు కడ్డీలూ వెలిగించండి. గిన్నె కింద ఒక ట్రే ఉంచితే పాకం పొంగినా శుభ్రం చేసుకోవడం తేలిక. 20 నిమిషాలకు పైన రంగు వచ్చేస్తే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. మొత్తం 35 నుంచి 40 నిమిషాలు పడుతుంది.

అయిందా లేదా అనేదానికి పైరంగును నమ్మకండి, బెల్లం వల్ల అది ముందే వస్తుంది. గ్లాసు పక్కనున్న ఉండను చెంచాతో కొంచెం విడదీసి చూడండి. తడిగా, సాగుతూ ఉంటే ఇంకో అయిదు నిమిషాలు. దారాల్లా విడిపోతే అయినట్టే. వంట థర్మామీటర్ ఉంటే లోపల 90 డిగ్రీలు చూపించాలి.

మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవకండి. ఇంట్లో మామూలు ఇన్వర్టర్ ఓవెన్‌ను లాగలేదు. పావుగంటలోపు కరెంటు వస్తే లోపలి వేడి నిలిచే ఉంటుంది, పోయిన సమయం చివర కలుపుకోండి.

ఓవెన్ లేకపోతే

పాత మందపాటి గిన్నె అడుగున అంగుళం మందాన ఉప్పు పోసి, దానిమీద స్టాండ్ పెట్టి, మూతవేసి మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. రోజూ వాడే ప్రెషర్ కుక్కర్‌ను నీళ్ళు లేకుండా ఇలా కాల్చడం నాకిష్టం లేదు, కుక్కర్ పాడవుతుంది. కొలతలు సగం చేసుకుని 16 సెంటీమీటర్ల గిన్నెలో పేర్చండి. ఉండలు తక్కువే కాబట్టి గ్లాసు బదులు చిన్న స్టీలు గిన్నె బోర్లించినా సరిపోతుంది. సన్నమంట మీద 40 నుంచి 50 నిమిషాలు పడుతుంది. మూతకు గుడ్డ చుడితే ఆవిరి చుక్కలు బ్రెడ్ మీద పడవు. గుడ్డ అంచులు మూత మీదికి ముడివేసి ఉండాలి, కిందికి వేలాడి మంటకు తగలకూడదు. ఇలా చేసినప్పుడు పైభాగం తెల్లగానే ఉంటుంది. ఫరవాలేదు, ఎలాగూ బోర్లిస్తాం, పళ్ళెంలో పైకొచ్చేది పాకం పట్టిన అడుగే.

బోర్లించడం

బయటకు తీశాక అయిదు నుంచి ఏడు నిమిషాలు ఆగండి. వెంటనే బోర్లిస్తే ఉండలు కూలిపోతాయి, వేడి పాకం చేతిమీద పడుతుంది. బెల్లం పాకం పడితే అంటుకుని కాలుస్తూనే ఉంటుంది, నూనె చుక్క కంటే ప్రమాదం. పిల్లల్ని దూరంగా ఉంచండి. మరీ ఆలస్యమైతే పాకం బిగుసుకుని బ్రెడ్ వదలదు. అలా అయితే గిన్నె అడుగును సన్నమంట మీద ఒక్క నిమిషం తిప్పండి, వదులుతుంది. ముందు గ్లాసు చుట్టూ, అంచు చుట్టూ చాకు తిప్పి, గ్లాసును పటకారుతో మెలితిప్పి తీసేయండి. పెద్ద పళ్ళెం మీద పెట్టి, రెండూ కలిపి గుడ్డతో పట్టుకుని, ఒక్కసారిగా తిప్పేయండి. గిన్నెలో మిగిలిన పాకం, జీడిపప్పు గీకి పైన వేయండి.

పళ్ళెం మధ్యలో పెట్టి ఇంకో పది నిమిషాలు ఆగమంటాను. మా ఇంట్లో ఎవరూ ఆగరు. అసలు తినాల్సిన అదను అదే, ఉండ విడదీస్తే ఇంకా ఆవిరి వస్తుంటుంది.

తీపి ఒక్కటే అయితే మనవాళ్ళకు టిఫిన్ తిన్నట్టు ఉండదు. అందుకని శనివారం పొద్దునే శనగలు నానేసి, రాత్రి ఉడికించి పెట్టుకుంటాను. బ్రెడ్ కాలుతుండగా ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు వేస్తే గుగ్గిళ్ళు రెడీ. ఫిల్టర్ కాఫీ డికాషన్ కూడా ముందే దిగి ఉంటుంది. తీపి అసలు తినని మామయ్యగారికి నాలుగు ఉండలు వేరే చిన్న గిన్నెలో పెడతాను. వాటికి బెల్లం బదులు నెయ్యిలో వెల్లుల్లి ముద్ద, ఉప్పు, గుంటూరు కారం కలిపి రాస్తాను. 20 నిమిషాల్లో కాలిపోతాయి. పిల్లలు ఇప్పుడు వాటికోసం కూడా పోటీ పడుతున్నారు.

మిగిలితే మూతపెట్టి ఆ రోజంతా బయట ఉంచవచ్చు. ఎండాకాలం రెండో రోజుకు బూజు భయం ఉంది. ఫ్రిజ్‌లో పెట్టిన బ్రెడ్ త్వరగా గట్టిపడుతుంది కాబట్టి ఉండలు విడదీసి డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. సోమవారం పొద్దున పెనం సన్నమంట మీద పెట్టి, ఉండలు పరిచి, పక్కన నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి మూతపెట్టండి. అయిదారు నిమిషాల్లో మళ్ళీ మెత్తబడి, అడుగున బెల్లం కరిగి చిటపటమంటుంది. లంచ్ బాక్సులో పెట్టేటప్పుడు కింద అరటాకు ముక్క పరిస్తే డబ్బాకు అంటుకోదు.